ఉచిత బ్లాగు సేవ ఎంపిక

ఉచిత బ్లాగు సేవ అనగా రచయితలు రుసుము చెల్లించకుండా తమ బ్లాగును అంతర్జాలంలో ప్రచురించి, భద్రపరచుకొనుటకు ఒక సంస్థ కల్పించే సదుపాయం. సర్వరు నిర్వహణ, సాఫ్టువేరును తాజాగా ఉంచడం వంటి పనులన్నీ ఆ సంస్థే చూసుకుంటుంది. ఇటువంటి సేవలలో బ్లాగర్, వర్డ్‌ప్రెస్.కామ్ ప్రసిద్ధమైనవి. తెలుగు బ్లాగరులు విస్తృతంగా వాడినవి కూడా ఇవే. కొద్ది నెలలు నడిచే బ్లాగుకు ఏ సేవ అయినా సరిపోతుంది. పది, ఇరవై సంవత్సరాలు నిలవవలసిన బ్లాగు విషయంలో మాత్రం అలంకరణల కంటె ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉన్నది: సేవ మూతపడినా, నిబంధనలు మారినా, అందులోని రచనలను మరొక చోటికి తరలించుకొనే వీలున్నదా?

మూతపడిన సేవలు

ఉచిత సేవ ఎంతకాలం నడుస్తుందన్నది దానిని నడిపే సంస్థ నిర్ణయంపై ఆధారపడి ఉంటుంది. సంస్థ పెద్దదైనంత మాత్రాన సేవ శాశ్వతం కాదు. దీనికి కొన్ని ఉదాహరణలు:

* జియోసిటీస్: 1994లో ప్రారంభమైన ఈ ఉచిత వెబ్‌పుటల సేవను 1999లో యాహూ కొనుగోలు చేసింది. 2009 అక్టోబరులో జపాను మినహా అంతటా మూసివేసింది. జపాను విభాగం కూడా 2019లో మూతపడింది.
* వాక్స్: సిక్స్ అపార్ట్ సంస్థ నడిపిన ఈ బ్లాగు సేవ 2010 సెప్టెంబరులో ముగిసింది.
* విండోస్ లైవ్ స్పేసెస్: మైక్రోసాఫ్ట్ 2010లో తన వాడుకరులను వర్డ్‌ప్రెస్.కామ్‌కు మారమని కోరి, 2011లో ఈ సేవను నిలిపివేసింది.
* పోస్టరస్: 2008లో మొదలై, 2012లో ట్విట్టర్ చేతికి వచ్చి, 2013 ఏప్రిల్ 30న మూతపడింది.

ఇటువంటి సందర్భాలలో సాధారణంగా కొంత గడువు ఇస్తారు. బ్లాగును చాలాకాలంగా తెరవనివారికి, ఈమెయిలు చిరునామా మారినవారికి, మరణించినవారి కుటుంబాలకు ఆ సమాచారం అందకపోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థలు జియోసిటీస్ పుటలలో కొన్నింటిని భద్రపరచగలిగాయి. అయితే ప్రతి పుటా అక్కడ దొరుకుతుందన్న హామీ లేదు.

ప్రధాన సేవలు

బ్లాగర్: పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ 1999 ఆగస్టులో దీనిని ప్రారంభించింది. 2003లో గూగుల్ కొనుగోలు చేసింది. ఇందులో ప్రకటనలు తప్పనిసరి కాదు. మూసను రచయిత తనకు నచ్చినట్లు మార్చుకోవచ్చును. సొంత డొమైను పేరు ఉంటే దానిని అదనపు రుసుము లేకుండా జతచేయవచ్చును. దీని సాఫ్టువేరు మాత్రం బహిరంగంగా లభించదు. అందువలన సేవ ఆగిపోతే అదే వ్యవస్థను మరొకచోట నెలకొల్పుకొనే వీలుండదు.

వర్డ్‌ప్రెస్.కామ్: మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003లో విడుదల చేసిన వర్డ్‌ప్రెస్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు ఆధారంగా ఆటోమాటిక్ సంస్థ 2005 నుండి ఈ సేవను నడుపుతున్నది. ఉచిత పథకంలో సంస్థ తన ప్రకటనలు చూపుతుంది. ప్లగిన్‌లు స్థాపించుకోవడానికి, సొంత డొమైనును ప్రధాన చిరునామాగా వాడడానికి రుసుము చెల్లించాలి. ఉచిత నిల్వ 3 గిగాబైట్లుగా ఉండగా 2022లో తగ్గించారు. సాఫ్టువేరు అందరికీ లభ్యం కావడం దీని బలం. ఇక్కడి బ్లాగును వర్డ్‌ప్రెస్ నడిచే మరే సర్వరుకైనా వర్గాలు, వ్యాఖ్యలు చెదరకుండా తరలించవచ్చును.

పరిశీలించవలసిన అంశాలు

ఎగుమతి: టపాలన్నిటినీ ఒకే ఫైలుగా దింపుకొనే సదుపాయం ఉండడం మొదటి అర్హత. పై రెండు సేవలూ ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఈ ఫైలును ఇస్తాయి. ఫైలు దింపుకొన్నంత మాత్రాన పని పూర్తి కాదు. దానిని ఒక ప్రయోగాత్మక బ్లాగులోనికి దిగుమతి చేసి, పాత టపాలు, వ్యాఖ్యలు, తేదీలు సరిగా వచ్చినవో లేదో చూడవలసి ఉంటుంది.

బొమ్మలు: ఎక్స్‌ఎంఎల్ ఫైలులో పాఠ్యం ఉంటుంది కానీ బొమ్మలు ఉండవు, వాటి లంకెలు మాత్రమే ఉంటాయి. పాత సర్వరు ఆగిపోతే ఆ లంకెలు పనిచేయవు. కనుక బొమ్మలను విడిగా దింపుకొని ఉంచడం, పాత బ్లాగు నడుస్తున్నపుడే తరలింపు పూర్తిచేయడం అవసరం.

చిరునామా: పాఠకులు దాచుకొన్న లంకెలు, ఇతర పుటలలో ఇచ్చిన లంకెలు అన్నీ చిరునామాపై ఆధారపడతాయి. గూగుల్ 2012 నుండి భారతదేశపు పాఠకులకు బ్లాగర్ బ్లాగులను బ్లాగ్‌స్పాట్.ఇన్ చిరునామాతో చూపించింది. 2020లో ఆ డొమైను గూగుల్ చేతి నుండి జారిపోవడంతో ఆ చిరునామాతో ఇచ్చిన లంకెలు పనిచేయకుండా పోయాయి. 2006 జూలైలో భారత ప్రభుత్వ టెలికం శాఖ కొన్ని పుటలను నిరోధించమన్నపుడు కొన్ని ఇంటర్నెట్ సంస్థలు బ్లాగ్‌స్పాట్‌ను మొత్తంగా ఆపివేయగా, సంబంధం లేని బ్లాగులు కూడా కొద్దిరోజులు అందలేదు. సొంత డొమైను ఉంటే సేవ మారినా చిరునామా మారదు. అయితే దానిని గడువులోగా పునరుద్ధరించాలి. గడువు దాటితే ఇతరులు దానిని తీసుకొనవచ్చును.

ఖాతా: బ్లాగుకు తాళంచెవి దాని వెనుక ఉన్న ఖాతా. 2023లో ప్రకటించిన విధానం ప్రకారం రెండు సంవత్సరాలు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చును. ఖాతా నిష్క్రియమైతే ఎవరికి తెలియజేయాలో ముందుగా నమోదు చేసుకొనే సదుపాయం కూడా గూగుల్‌లో ఉన్నది. బ్లాగర్‌లో నమ్మకమైన మరొకరిని నిర్వాహకులుగా చేర్చవచ్చును.

లిపి: పాఠ్యం యూనికోడులో ఉంటే ఏ సేవకు తరలించినా చదవగలిగేటట్లు ఉంటుంది. యూనికోడుకు పూర్వం ప్రత్యేక ఫాంటులతో వ్రాసిన తెలుగు పుటలు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని అక్షరాలుగా కనిపిస్తాయి.

సొంత సర్వరుతో పోలిక

రుసుము చెల్లించి సొంతంగా స్థలం తీసుకొంటే నిబంధనల బెడద తగ్గుతుంది. కానీ రుసుము ఆగిననాడు బ్లాగు కూడా ఆగుతుంది. రచయిత అనారోగ్యం పాలైనా, కాలధర్మం చెందినా ఆ రుసుము కట్టేవారు ఉండకపోవచ్చు. ఉచిత సేవలో, సేవ నడుస్తున్నంతకాలం, ఖాతా తొలగనంతవరకు, చెల్లింపు లేకున్నా బ్లాగు నిలిచి ఉండగలదు. ఈ రెండు పద్ధతులలో ఏదీ పూర్తిగా సురక్షితం కాదు.

అందువలన దీర్ఘకాలిక బ్లాగుకు సేవను ఎంచుకొనేటపుడు చేరడం ఎంత సులభమో చూసినట్లే, వెళ్ళిపోవడం ఎంత సులభమో కూడా చూడాలి. సాంకేతిక పనులకు దూరంగా ఉండి, సొంత డొమైను మాత్రం కావాలనుకొనేవారికి బ్లాగర్, భవిష్యత్తులో సొంత సర్వరుకు మారే ఆలోచన ఉన్నవారికి వర్డ్‌ప్రెస్.కామ్ అనుకూలం. ఏది ఎంచుకొన్నా, ఏడాదికి రెండు మూడు సార్లయినా ఎగుమతి చేసిన ప్రతిని తన కంప్యూటరులో ఒకటి, కుటుంబంలో మరొకరి వద్ద ఒకటి ఉంచితే, సేవ మూతపడిననాడు చిరునామా పోయినా రచనలు మిగులుతాయి.