దిష్టిబొమ్మకు ప్రాణం వస్తే

తడ దాటి చెన్నై వైపు జాతీయ రహదారి మీద కొంచెం ముందుకు వెళ్తే ఆరంబాక్కం వస్తుంది. అక్కడి నుంచి తమిళనాడు. ఈ అంచున ఉన్న ఊళ్లలో రెండు భాషలూ వచ్చినవాళ్లు చాలామంది. అందుకే ఒక మాట గురించి ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నాము.

పొలంలో పిట్టల కోసం నిలబెట్టే గడ్డిబొమ్మను మనం దిష్టిబొమ్మ అంటాము. కట్టుబడిలో ఉన్న ఇంటికి వేలాడదీసే కోరల ముఖం కూడా దిష్టిబొమ్మే. నాలుగు రోడ్ల కూడలిలో నాయకుడి పేరు రాసి తగలబెట్టేది కూడా దిష్టిబొమ్మే. తమిళంలో ఈ మూడూ ఒకటి కావు. పొలంలో ఉండేది సోళక్కొల్లై బొమ్మై, అంటే జొన్నచేను బొమ్మ. ఇంటికి కట్టేది దృష్టి బొమ్మై. తగలబెట్టేదానికి కొడుంపావి అనే పాతమాట ఉంది, అంటే ఘోరపాపి అని అర్థం. పిట్టలను తోలేదానికీ, చెడుచూపును ఆపేదానికీ, మనిషి మీది కోపంతో కాల్చేదానికీ తెలుగులో ఒకే పేరు పెట్టుకున్నాము. దిష్టి అంటే దృష్టే, చూపు. అంటే మన భాషలో ఈ బొమ్మ కాకికి సంబంధించింది కాదు, మనిషి కంటికి సంబంధించింది.

ఈ మధ్య పిల్లల ఫోన్లలో, టీవీలో, ఓటీటీలో దిష్టిబొమ్మ పాత్రలు తరచుగా కనబడుతున్నాయి. ఒకటి పాట పాడుతుంది, ఒకటి గోనెసంచి ముసుగులో భయపెడుతుంది. వీటిలో ఏది ఏమిటో తల్లిదండ్రులకూ సండే స్కూల్ టీచర్లకూ తెలిసి ఉండటం మంచిది.

ముందు అసలు బొమ్మ సంగతి. ఒక కర్ర నిలువుగా, ఒకటి అడ్డంగా కట్టి, రైతు తన చిరిగిన చొక్కా తొడిగి, లోపల గడ్డి కూరి, పైన మసిబారిన కుండ బోర్లించి సున్నంతో కళ్లు పెడతాడు. (ఆకారం సిలువను గుర్తుచేస్తుంది. ఆ పోలికతో ప్రసంగం అల్లడం తేలికే గాని మేము ఆ దారిన పోవడం లేదు.) కొద్ది రోజులు పిట్టలు బెదురుతాయి. కదలకుండా ఒకేచోట నిలబడి ఉందని తెలిశాక దాని భుజం మీదే వాలతాయి. అందుకే బొమ్మను అప్పుడప్పుడు చోటు మార్చడం, చొక్కా మార్చడం, గాలికి మెరిసే రిబ్బన్లు కట్టడం. పులికాట్ సరస్సుకూ నేలపట్టుకూ పక్షులను చూడటానికి జనం వచ్చే ప్రాంతం ఇది. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ కూడా చేస్తారు. పక్షిని పిలిచే ఊరూ, పక్షిని తోలే చేనూ పక్కపక్కనే ఉన్నాయి.

కోతులూ అడవిపందులూ అయితే బొమ్మకు అసలు లొంగవు. సిద్దిపేట జిల్లాలో ఒక రైతు 2022లో ఎలుగుబంటి వేషం కొని, ఆ వేషం వేసుకుని చేనులో తిరగడానికి కూలికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. కూలి రోజుకు 500 రూపాయలని అప్పట్లో వార్తల్లో వచ్చింది. బొమ్మ చేయలేని పని మనిషి చేయాల్సి వచ్చింది.

మనిషి కంటికి పెట్టే బొమ్మ కథ వేరు. తడ అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. ఆ నెల్లూరు జిల్లాలోనే 2018లో ఒక రైతు, పది ఎకరాల్లో కూరగాయలు బాగా పండాయి, దారిన పోయేవాళ్ల చూపు పడుతోంది అని, గడ్డిబొమ్మకు బదులు ఒక హిందీ సినిమా నటి ఫ్లెక్సీలు పొలంలో నిలబెట్టాడు. నన్ను చూసి ఏడవొద్దు అని దాని మీద తెలుగులో రాయించాడు. దేశమంతా నవ్వుకుంది. అయితే అతని లెక్క సూటిగా ఉంది: చూసేవాళ్ల చూపు పంట మీద పడకుండా ఇంకోదాని మీదికి మళ్లాలి. తెలిసిన ముఖం, వెలుగు, రంగు చూపును లాగుతాయి. వినోదమూ ఆ పనే చేస్తుంది గనుక, సినిమా తార దిష్టిబొమ్మ కావడంలో వింత ఏమీ లేదు.

తెలుగు వినోదంలో మాత్రం దిష్టిబొమ్మ సొంత కథ ఉన్న పాత్రగా ఎదగలేదు. మన దగ్గర అది తిట్టుగా మిగిలింది. హాస్య సన్నివేశంలో నల్లగా, సన్నగా, బట్టలు సరిగా లేకుండా ఎవరైనా కనబడితే “దిష్టిబొమ్మలా ఉన్నావు” అంటారు, హాలు నవ్వుతుంది. తెర మీది మాట ఇంటికి వస్తుంది, బడికి వస్తుంది, సండే స్కూల్‌కూ వస్తుంది. క్రిస్మస్ నాటికలో అందరినీ నవ్వించే వేషం ఎవరికి ఇస్తామో ఒకసారి గుర్తుచేసుకోండి. సన్నగా ఉన్న పిల్లాడికే ఇస్తాము. బొమ్మకు తొడిగేది పొలంలో పనిచేసేవాడి పాతచొక్కా. ఆ చొక్కాను చూసి నవ్వితే ఆ నవ్వు ఎవరి మీద పడుతుందో మన సంఘాల్లో చాలామందికి ఒకరు చెప్పక్కర్లేదు.

బయటి కథల్లో ఈ తిట్టుకు ఏమైందో చూడండి.

అందరికీ తెలిసినది అమెరికా రచయిత ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన ఓజ్ మాంత్రికుడి కథ. డోరతీ అనే పాప మొక్కజొన్న చేనులో గుంజకు గుచ్చి ఉన్న గడ్డిమనిషిని కిందికి దింపుతుంది. అతడు పుట్టి రెండు రోజులు కూడా కాలేదు. రైతు ముందు అతనికి చెవులు గీశాడు, అందుకే తన గురించి రైతులు అనుకున్న మాటలు విన్నాడు. మొదట కాకులు భయపడ్డాయి. తర్వాత ఒక ముసలి కాకి భుజం మీద వాలి, నీలో ఉన్నది గడ్డేనని తేల్చేసి, చేనులోకి దిగి కడుపునిండా తిన్నది. పోతూ పోతూ, బుర్ర ఉంటే నువ్వూ మనిషివే అన్నట్టు చెప్పింది. అప్పటి నుంచి అతని కోరిక ఒక్కటే, మెదడు కావాలి. దారిలో అడ్డుగా లోతైన గుంట వస్తే, చెట్టు నరికి వంతెనగా వేద్దామని ఆలోచన చెప్పేది అతడే. తనకు మెదడు లేదని చెప్పుకుంటూనే అందరికంటే ముందు ఆలోచిస్తాడు. పుస్తకం చివర్లో పచ్చలనగరానికి పాలకుడు అవుతాడు.

1939లో వచ్చిన సినిమాలో రే బోల్జర్ ఆ వేషం వేశాడు. అక్కడ మాంత్రికుడు అతనికి మెదడుకు బదులు ఒక డాక్టరేట్ పట్టా ఇస్తాడు, అంతే, లెక్కలు చెప్పడం మొదలుపెడతాడు! మన సభల పోస్టర్ల మీద డాక్టర్ బిరుదులు చదివే పాఠకులు ఇక్కడ కొంచెం నవ్వుకోవచ్చు. 1978లో నల్లజాతి నటులతో అదే కథను ది విజ్ పేరుతో తీసినప్పుడు ఆ పాత్ర మైఖేల్ జాక్సన్ చేశాడు.

ఆ కథలో గడ్డిమనిషి దేనికీ భయపడడు, ఒక్క వెలిగించిన అగ్గిపుల్లకు తప్ప. దిష్టిబొమ్మ దహనం అనే మాటను వార్తల్లో ఎన్నోసార్లు చదివిన మనకు ఈ చిన్న సంగతి ఇంకోలా తగులుతుంది. ఊరేగింపులో గడ్డికి ఒక మనిషి పేరు పెట్టి నిప్పంటిస్తున్నప్పుడు మన యువకులు కూడా ఆ గుంపులో ఉంటున్నారు.

రెండోది బ్యాట్‌మన్ కామిక్స్‌లో స్కేర్‌క్రో. 1941లో వచ్చింది. జొనాథన్ క్రేన్ అనే ప్రొఫెసర్ భయం గురించి పాఠం చెబుతాడు. జీతమంతా పుస్తకాలకు పోతుంది, చిరిగిన బట్టలతోనే కాలేజీకి వస్తాడు. తోటి అధ్యాపకులు అతని బట్టలు చూసి ఎగతాళి చేస్తారు. తరగతిలో తుపాకి పేల్చి ఉద్యోగం పోగొట్టుకున్నాక, వాళ్లు పెట్టిన ఆ పోలికనే వేషంగా వేసుకుని నేరస్థుడు అవుతాడు. 2005లో వచ్చిన బ్యాట్‌మన్ బిగిన్స్ సినిమాలో కిలియన్ మర్ఫీ ఈ పాత్ర వేశాడు. అందులో అతడు పిచ్చాసుపత్రి డాక్టరు, గోనెసంచి ముసుగు తగిలించుకుని, భయం పుట్టించే మందును మనుషుల మీద చల్లుతాడు. అతడు చేసిన నేరాలకు ఎగతాళి సాకు కాదు. అయినా కథ రాసినవాళ్లు అతని మొదటి గాయంగా బట్టల మీద నవ్వునే ఎంచుకున్నారన్నది గమనించదగ్గది.

మూడోది అన్నిటికంటే బాధ పెట్టేది. 1981లో అమెరికా టీవీలో వచ్చిన డార్క్ నైట్ ఆఫ్ ద స్కేర్‌క్రో. బబ్బా అనే బుద్ధిమాంద్యం ఉన్న మనిషి మీద, చేయని నేరం మోపుతారు. తల్లి అతణ్ణి కాపాడాలని పొలంలో దిష్టిబొమ్మ బట్టల్లో దాచిపెడుతుంది. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు అక్కడే కాల్చి చంపుతారు. తర్వాతి కథ ప్రతీకారం, భయానకం, అది పెద్దవాళ్లకే. కాని మొదటి అరగంట మనసులోంచి పోదు. గడ్డిబట్టల్లోంచి బెదిరిన మనిషి కళ్లు చూస్తుంటాయి, ఎదుటివాళ్లకు మాత్రం బొమ్మే కనబడుతుంది.

పాదిరిగారే దిష్టిబొమ్మ వేషం వేసిన కథ కూడా ఉంది. రస్సెల్ థార్న్‌డైక్ 1915లో మొదలుపెట్టిన డాక్టర్ సిన్ కథలను 1960ల్లో డిస్నీ తెరకెక్కించింది. ఇంగ్లండు తీరంలో ఒక పల్లె పాదిరి, పగలు గుడిలో ప్రసంగం, రాత్రి ముసుగు వేసుకుని దొంగసరుకు రవాణాకు నాయకత్వం. రాజు పన్నుల నుంచి పేదలను ఆదుకుంటాడని కథ అతణ్ణి వెనకేసుకొస్తుంది. మాకైతే అది పూర్తిగా మింగుడుపడలేదు. భయపెట్టి చేసిన మేలును సంఘం ఎన్నాళ్లు మేలు అనుకుంటుంది?

ఇక మన బైబిలు. దిష్టిబొమ్మ అందులో లేదనుకుంటాము, కారణం అనువాదం. యిర్మీయా 10వ అధ్యాయం 5వ వచనంలో అన్యజనులు చెక్కి నిలబెట్టిన ప్రతిమలను మన తెలుగు బైబిలు తాటిచెట్టుతో పోలుస్తుంది. ఆంగ్ల కింగ్ జేమ్స్ అనువాదంలోనూ అలాగే ఉంది. అక్కడి హెబ్రీ మాట ‘మిక్షా’ను సాగగొట్టి చేసిన పనిగా చదివితే నిటారుగా ఉన్న తాటిచెట్టు అవుతుంది, దోసపాదుగా చదివితే దోసతోటలో నిలబెట్టిన గుంజ అవుతుంది. యెషయా 1వ అధ్యాయం 8వ వచనంలో ఇదే మాటను మన బైబిలు దోసపాదులు అనే చదివింది. అందుకే 1952 నాటి ఆర్‌ఎస్‌వీ, తర్వాత ఎన్‌ఐవీ యిర్మీయాలో దిష్టిబొమ్మ అనే రాశాయి. కథోలిక బైబిలులోని బారూకు 6వ అధ్యాయంలో కూడా దోసతోటలో దేన్నీ కాయలేని దిష్టిబొమ్మ పోలిక ఉంది. యిర్మీయా దాని గురించి చెప్పేది తేలికైన సంగతే: అది మాట్లాడదు, నడవదు, ఎవరో మోయాలి, కీడూ చేయలేదు, మేలూ చేయలేదు, భయపడవద్దు. ఆ ముసలి కాకికీ ఇదే తెలిసింది.

శ్రీసిటీ వచ్చాక తడ, సత్యవేడు చుట్టుపక్కల కట్టడాలు పెరిగాయి. మేస్త్రీ కట్టమన్నాడని విశ్వాసి ఇంటికీ కోరల బొమ్మ వేలాడుతుంది. దాన్ని తీయించే ముందు మేస్త్రీతో గొడవ పెట్టుకోనక్కర్లేదు. అతని కూలీలు పైన పరంజా మీద పనిచేస్తున్నారు, వాళ్ల భయం నిజమైనదే. తాళ్లు గట్టివేనా, హెల్మెట్లు ఉన్నాయా అని ముందు అడగండి. బొమ్మ మాట తర్వాత మాట్లాడవచ్చు.

పిల్లల సంగతికి వస్తే, బ్యాట్‌మన్ సినిమా హైస్కూలు దాటేదాకా ఆగనివ్వండి, అప్పుడూ పక్కన కూర్చోండి. ఓజ్ సినిమా చిన్నవాళ్లతో కలిసి చూడవచ్చు. భయపడితే వాళ్లు ఆకుపచ్చ ముఖం మంత్రగత్తెను చూసి, ఎగిరే కోతులను చూసి భయపడతారు. గడ్డిమనిషి కాళ్లు నిలవక తూలిపడుతూ లేస్తూ నడవడం నేర్చుకుంటుంటే, మళ్లీ పెట్టమంటారు.