ఈగమ్మ పుట్టిల్లు తడి

రాండప్పా, అరుగు మీదికి నీడ వచ్చింది, అందరూ ఇట్లా కూచోండి. మామిడిపండ్లు తినేవాళ్ళు తినండి గానీ టెంకలు మాత్రం ఆ నీళ్ళ కడవ వెనక్కి విసరొద్దు. ఎందుకొద్దంటున్నానో చెప్పేందుకే ఈ కబుర్లు.

ఇల్లలుకుతూ పేరు మరచిపోయిన ఈగ కథ మీ అవ్వ చెప్పే ఉంటుంది. కనబడినవాళ్ళందరినీ అడిగి అడిగి, ఆఖరికి గుర్రం కడుపులోని పిల్ల సకిలిస్తే గానీ దానికి తన పేరు గుర్తు రాలేదు. చిన్నప్పుడు ఆ కథ విని, ఈగకి పేడతో అలకడం ఎవరు నేర్పినారబ్బా అని తెగ ఆలోచించేవాణ్ణి. పెద్దయినాక తెలిసింది, పేడకీ ఈగకీ ఉన్నది పుట్టింటి చుట్టరికమని.

తల్లి ఈగ ఒక్కో విడతకి వంద, నూటయాభై గుడ్లు పెడుతుంది. నాలుగైదు విడతలు పెట్టినాక గానీ దాని ఆయుష్షు తీరదు. పచ్చి పేడ, కోళ్ళ రెట్ట, కుళ్ళిన పండు, పులిసిన కుడితి చుట్టూ మురిగిన కసువు, ఏదైనా సరే, తడి ఉంటే చాలు. ఎండాకాలంలో ఒక్కరోజు తిరక్కుండానే గుడ్డు పగిలి తెల్లటి పురుగు వస్తుంది. అయిదారు రోజులు తిని బలిసి, అప్పుడు తడిని వదిలిపెట్టి, పక్కనున్న పొడి మట్టిలోకి పాకిపోయి, తన తోలునే పెంకుగా గట్టిపరుచుకొని గోధుమరంగు గింజలాగా పడుకుంటుంది. మన కోళ్ళు దిబ్బ అంచుల్లోనే ఎందుకు గీరుతుంటాయో ఇప్పుడర్థమైందా? ఇంకో నాలుగైదు రోజులకి లోపలి ఈగ నుదుటి మీదున్న తిత్తిని బుడగలాగా ఉబ్బించి, పెంకు మూతను నెట్టుకొని బయటికొస్తుంది. చలికాలంలో నెల దాకా సాగే ఈ తతంగమంతా వేడికి పది రోజుల్లో ముగుస్తుంది. అన్నట్టు, చిన్న ఈగ కనబడితే పిల్ల ఈగ అనుకోకండి. రెక్కలొచ్చినాక ఈగ ఇంక పెరగదు. పురుగుగా ఉన్నప్పుడు తిండి చాలక అది అంతే మిగిలిపోయింది.

ఇక్కడొక తిరకాసు ఉంది. వేడికి ఈగలు తొందరగా పుడతాయన్నాను గదా, మరి మన ఆదోని కొండరాళ్ళు పెనంలాగా కాలే మే నెల మధ్యాహ్నం ఇంకా ముసరాలి గదా? ఆరుబయట చూడండి, ఒక్కటి కనబడదు. అంత వేడికి పెద్ద ఈగే తట్టుకోలేదు. పురుగు సంగతి చెప్పేదే లేదు, తడి ఆరితే దాని పని అయిపోయినట్టే. అందుకే ఊరంతా ఎండినప్పుడు నీడా తడీ రెండూ ఉన్న జాగా వెతుక్కుంటూ వస్తాయి. ఆ జాగా మన ఇల్లే. కూలర్ కింద కారిన నీళ్ళు, గిన్నెలు తోమే చోటు, ఆ కడవ వెనకాల మీ టెంకలు. తొలకరి పడిందంటే ఊరంతా తడే, అప్పుడు వాటికి జాతర.

మా అవ్వకి ఈ శాస్త్రమేదీ తెలీదు. తెల్లారకముందే కొట్టంలో పేడ ఎత్తి గోడకి పిడకలు కొట్టేది. పొయ్యిలోకని కొట్టింది గానీ, ఆమెకి తెలీకుండానే ఈగల వంశం తెంపేది. జొన్నరొట్టె సంగతే చూడండి. పల్చగా తట్టి పెనం మీదేస్తే లోపలిదాకా కాలుతుంది. ముద్దని అట్లాగే కాలిస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిపిండే. పేడ కూడా అంతే. పల్చటి పిడక రెండు మూడు రోజుల్లో ఎండుతుంది, పురుగు పెద్దదయ్యేందుకు గడువు చాలదు. కుప్పపోస్తే పైన చెక్కు కట్టి లోపల వారం పది రోజులు తడి నిలుస్తుంది. గ్యాసు పొయ్యిలొచ్చి పిడకలు పోయినాయి, బర్రెలు మాత్రం ఉన్నాయి, కుప్పలు పెరిగినాయి. గ్యాసుని తిట్టడం లేదులే, పొగకి అవ్వ కళ్ళెట్లా ఎర్రబడేవో చూసినవాణ్ణి.

ఈగకి నాలుక పనిలో సగం కాళ్ళే చేస్తాయి. వాలంగానే పాదాలతో రుచి చూస్తుంది. చేతులు నలుపుకుంటున్నట్టు కనబడేది ఆ పాదాల మురికి దులుపుకోవడమే. పండ్లు లేవు గాబట్టి బెల్లంగడ్డని కొరకలేదు, ఉమ్మి కక్కి కరిగించి, నోటితో మనం గుడ్డతో నీళ్ళు అద్దినట్టు అద్దుకుంటుంది. ఇంతకుముందు ఎక్కడ అద్దుకుందో తలుచుకుంటే ఉగ్గాని మీద మూత పెట్టకుండా ఉండలేం. పాకిస్తాన్ పల్లెల్లో ఈగల మీద మందు కొట్టి చూస్తే పిల్లల విరేచనాలు నూటికి 23 వంతులు తగ్గినాయని 1999లో లాన్సెట్ వైద్యపత్రికలో అచ్చయింది.

మరి ఊరంతా మందే కొడదామా తాతా అంటారేమో. డీడీటీ వచ్చిన కొత్తలో ఈగల కథ ముగిసిందనే అనుకున్నారు. 1947 నాటికే ఇటలీలో, స్వీడన్‌లో దానికి చావని ఈగలు కనబడినాయి. పది రోజులకొక తరం, చావగా మిగిలిన మొండివే పిల్లల్ని కంటుంటే మందు ఎన్నాళ్ళు పనిచేస్తుంది?

కొట్టేది కూడా ఉపాయంగా కొట్టాలి. మన కన్ను సెకనుకి 60 మినుకుల దాకా విడివిడిగా పట్టగలిగితే ఈగ కన్ను 250 దాకా పడుతుంది. మన చెయ్యి దానికి ఎద్దులబండి వచ్చినట్టు నిదానంగా వస్తుంది. పైగా అరచెయ్యి ముందుకి తోసే గాలి దానికి ముందే తగులుతుంది. అందుకే ఈగల కర్రకి జల్లెడ కన్నాలు. బేరాల్లేని అంగట్లో సేటు ఈగలు తోలుకుంటున్నాడని నవ్వుతాం గానీ, ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి గాబట్టి తోలుకుంటున్నాడు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన మన ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో కూచున్నాయన్ని చూడండి. రెండు చేతులూ రెండు కాళ్ళూ పనిలోనే ఉంటాయి, ముక్కు మీద వాలితే ఊదడమే గతి.

నేను చేసేది వేరే. మధ్యాహ్నం కిటికీలన్నీ మూసి ఒక్క తలుపు ఓరగా తీస్తాను. లోపల చీకటి, తలుపు దగ్గర వెలుతురు. కాసేపటికి చాలామటుకు అవే బయటికి పోతాయి. బడి పిల్లల్ని ఇంటికి పంపడం కంటే సులువు. మిగిలినవాటికి మూతలు, కిటికీలకి జాలీలు. వేపాకు పొగ వేసినంతసేపు పనిచేస్తుంది, ఆరినాక చుట్టాలు తిరిగొస్తారు.

సరే, పండ్లు అయిపోయినాయా? కడవ వెనక నిన్నటి టెంకలు ఏడున్నాయి, నేను లెక్కపెట్టినాను. ఏరుకొచ్చి, కుప్పగా కాదప్పా, విడివిడిగా ఆ ఎండబండ మీద పరచండి.