పాత మిల్లు కూడా పురావస్తువే!

పురావస్తు శాస్త్రం అనగానే మనకు స్తూపాలు, శాసనాలు, పాత నాణేలు గుర్తొస్తాయి. మూలబడిన ధాన్యం మిల్లును చూపి "ఇదీ పురావస్తువే" అంటే నవ్వొస్తుంది కదూ? కాని మనుషులు ఏ యంత్రంతో, ఏ శక్తితో పనిచేశారో, ఆ పని జరిగిన చోటనే పరిశీలించే శాస్త్రం ఒకటుంది. అదే పారిశ్రామిక పురావస్తు శాస్త్రం. 1950 దశకంలో ఇంగ్లండులో దీనికి ఒక రూపం వచ్చింది. అక్కడ సెవెర్న్ నదిపై 1779లో కట్టిన ఇనుప వంతెనను నేటికీ కాపాడుకుంటున్నారు.

ఈ శాస్త్రం చూసే స్థలాలు ముఖ్యంగా నాలుగు రకాలు. నాలుగూ మన ప్రాంతంలోనే ఉన్నాయి.

మొదటిది, ముడిసరుకు తీసే చోటు. కోదాడకు దక్షిణాన హుజూర్‌నగర్ వైపున్న సున్నపురాయి క్వారీలు ఇలాంటివే. ఆ రాయే సిమెంటుకు ఆధారం.

రెండోది, సరుకు తయారయ్యే చోటు. మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరు పొందింది. పాతకాలపు హల్లర్‌లో పొట్టు, తవుడు ఒకేసారి ఊడేవి, నూక ఎక్కువయ్యేది. తర్వాత వచ్చిన యంత్రంలో రెండు రబ్బరు రోలర్లు వేర్వేరు వేగాలతో తిరుగుతూ ముందు పొట్టునే ఒలుస్తాయి. తవుడు విడిగా తీస్తారు. రెండు యంత్రాలనూ పక్కపక్కన చూస్తేనే ఈ మార్పు బోధపడుతుంది.

మూడోది, రవాణా. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే హైదరాబాదు–విజయవాడ రహదారి, దారిలోని వంతెనలు, మిర్యాలగూడ రైల్వే స్టేషను ఈ కోవలోకి వస్తాయి.

నాలుగోది, నీరు, విద్యుత్తు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ నీటితో పండిన వడ్లే మిర్యాలగూడ మిల్లులను నడిపించాయి. చూశారా, ఒక స్థలం మరొక స్థలానికి ఎలా ముడిపడి ఉందో!

ఇక్కడొక విశేషం ఉంది. ఈ జలాశయంలో మునిగిపోనున్న నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 వరకు తవ్వి, అక్కడి బౌద్ధ శిల్పాలను కాపాడారు. ఆనాడు ఆ తవ్వకాలకు కారణమైన ఆనకట్టే, వేలాది కూలీలు రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆనకట్టే, ఇప్పుడు తానూ పరిశీలించదగిన చారిత్రక కట్టడమైంది.

విద్యార్థులారా! మీ ఊళ్లో పాత మిల్లు ఉంటే యజమాని అనుమతితో, పెద్దలను తోడు తీసుకుని వెళ్లండి. యంత్రం బొమ్మ గీయండి, కొలతలు రాసుకోండి. దాన్ని నడిపిన తాతను అది ఎలా పనిచేసేదో అడగండి. రాతి స్తూపం వందల ఏళ్లు నిలిచింది. ఇనుప హల్లర్ మాత్రం పాత ఇనుము బండి వచ్చేదాకానే నిలుస్తుంది!