పీఆర్‌లో పీజీకి విదేశాలా? ముందు ఈ లెక్కలు చూసుకోండి!

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ‘ఫారిన్‌లో పీజీ’ అనగానే గుర్తొచ్చేది కంప్యూటర్స్‌లో ఎంఎస్. బీఏ, బీకామ్, బీబీఏ చేసినవారికీ విదేశీ వర్సిటీల్లో దారులున్నాయి. వాటిలో ఒకటి పబ్లిక్ రిలేషన్స్, అంటే ప్రజా సంబంధాలు. కోర్సు మంచిదే. కానీ ‘మా బావ ఎంఎస్ చేసి సెటిలయ్యాడు, నేనూ అలాగే’ అనుకుని బయల్దేరితే మాత్రం ఇబ్బందే. ఎందుకంటే ఈ రెండు చదువుల లెక్క వేరు.

పీఆర్ అంటే ప్రెస్‌నోట్ ఒక్కటే కాదు

సంస్థకూ, దానితో సంబంధమున్న ప్రజలకూ మధ్య నమ్మకం నిలబెట్టడం పీఆర్ పని. పత్రికలతో మాట్లాడటం, సోషల్ మీడియా చూసుకోవడం, ఆపద వచ్చినప్పుడు నిజం దాచకుండా త్వరగా చెప్పడం, ఉద్యోగులకు సమాచారం అందించడం ఇందులోకే వస్తాయి. పీజీలో పరిశోధన పద్ధతులు, సంక్షోభ సమయంలో సమాచార నిర్వహణ, డిజిటల్ ప్రచారం, మీడియా చట్టాలు, నైతిక విలువలు వంటివి నేర్పుతారు.

ఈ పని ఎంత ముఖ్యమో మన జిల్లాల వారికి వేరే చెప్పక్కర్లేదు. 2010 జులైలో సోంపేట థర్మల్ ప్లాంటు వివాదం కాల్పుల దాకా వెళ్లి ప్రాణాలు పోయాయి. బీల భూములు, నీళ్లు, చేపల వేట మీద బతికేవారి అభ్యంతరం అది. ప్రకటనలతో చక్కబడే గొడవ కాదు. ప్రజల మాట విని, యాజమాన్యానికి నచ్చకపోయినా ఉన్నదున్నట్టు చెప్పడం పీఆర్‌లో సగం పని అని అది గుర్తుచేస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి జనాన్ని భయపెట్టకుండా, అబద్ధం చెప్పకుండా వివరించాలన్నా, భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు వంటి ప్రాజెక్టుల్లో ఊళ్లవారితో మాట్లాడాలన్నా ఇదే నైపుణ్యం కావాలి.

ఎక్కడ చదవొచ్చు?

అమెరికాలో బోస్టన్ యూనివర్సిటీ 1947లోనే పీఆర్ కోసం ప్రత్యేక స్కూలు పెట్టింది. సిరక్యూస్ వర్సిటీలోని న్యూహౌస్ స్కూలు, సదరన్ కాలిఫోర్నియా వర్సిటీలోని యానెన్‌బర్గ్ స్కూలు ఈ రంగంలో పేరున్నవి. బ్రిటన్‌లో స్టిర్లింగ్, కార్డిఫ్, వెస్ట్‌మినిస్టర్ వర్సిటీలు, ఐర్లండ్‌లో టీయూ డబ్లిన్ పీఆర్ పీజీలకు తెలిసిన పేర్లు.

బ్రిటన్‌లో పీజీ సాధారణంగా ఏడాదే. మన మూడేళ్ల డిగ్రీని అక్కడ అంగీకరిస్తారు. అమెరికాలో కొన్ని వర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి కాబట్టి దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవాలి. ఐఈఎల్‌టీఎస్‌లో చాలాచోట్ల 6.5 నుంచి 7 స్కోరు కోరతారు. రాతలో స్కోరు తక్కువైతే ఇబ్బంది. ఎందుకంటే ఈ చదువంతా రాత మీదే నడుస్తుంది.

ఎంఎస్ లెక్క ఇక్కడ కుదరదు

అమెరికాలో చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ గడువు 12 నెలలు. కంప్యూటర్ సైన్స్ వంటి స్టెమ్ కోర్సుల వారికి అదనంగా మరో 24 నెలలు వస్తాయి. పబ్లిక్ రిలేషన్స్ ఆ జాబితాలో లేదు. అంటే ఎంఎస్ చేసిన స్నేహితుడికి మూడేళ్లుంటే మీకు ఒక్క ఏడాదే!

బ్రిటన్‌లో పీజీ తర్వాత ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువు ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. ఐర్లండ్‌లో పీజీ చేసినవారు రెండేళ్ల వరకు ఉండొచ్చు. ఆ తర్వాత ఎక్కడైనా కంపెనీయే ముందుకొచ్చి వీసాకు స్పాన్సర్ చేయాలి.

ఇంకో మాట. కోడ్ రాయడానికి ఊరి యాస అక్కర్లేదు. పీఆర్‌లో మాత్రం అక్కడి భాష, అక్కడి విలేకరులతో పరిచయం, అక్కడివారు దేనికి నవ్వుతారో దేనికి కోప్పడతారో తెలియడమే పెట్టుబడి. లండన్‌లో పుట్టి పెరిగినవారితో ఆ విషయంలో పోటీ పడాలి. అదే తెలుగు, ఇంగ్లిష్ రెండూ ధాటిగా రాసేవారికి, సిక్కోలు మాట అర్థమయ్యేవారికి ఇక్కడ వేరే విలువ ఉంది. కాబట్టి ‘ఏ దేశంలో చదవాలి?’ కంటే ముందు ‘చదివాక ఎక్కడ పనిచేయాలి?’ అన్నది తేల్చుకోవాలి.

అప్పు ఇలా పెరుగుతుంది

ఉదాహరణకు రూ.25 లక్షల రుణం, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుందాం. నెలవారీ వాయిదా దాదాపు రూ.34,400 అవుతుంది. చదివే కాలంలోనూ వడ్డీ ఏడాదికి రూ.2.75 లక్షల చొప్పున పెరుగుతూనే ఉంటుంది. వీసా గడువయ్యాక తిరిగి రావాల్సి వస్తే, ఇక్కడి తొలి జీతంతో ఈ వాయిదా కట్టగలమా? హైదరాబాద్, విశాఖల్లో ఈ రంగంలో ఉన్న ఇద్దరు ముగ్గుర్ని కలిసి అసలు జీతాలు ఎంతో అడగండి. రూ.7.5 లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతాయి. చాలా ఇళ్లల్లో అది ఉన్న ఒక్క ఇల్లో, పొలమో అవుతుంది. అమ్మానాన్నలతో కూర్చుని ఈ లెక్క కాగితం మీద వేశాకే సంతకం పెట్టాలి.

బ్రిటన్ వీసాకు చూపే డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ‘మేం సర్దుతాం, చూపించి తీసేద్దాం’ అనే మధ్యవర్తుల మాట వినొద్దు. పత్రాలు తప్పని తేలితే వీసా పోవడమే కాదు, ఏళ్ల తరబడి మళ్లీ దరఖాస్తుకు వీలుండదు. కన్సల్టెన్సీలకు చాలా వర్సిటీలు కమీషన్ ఇస్తాయని కూడా గుర్తుంచుకోండి. వాళ్లు చెప్పిన కాలేజీ మీకు మంచిదా, వాళ్లకు మంచిదా అన్నది మీరే చూసుకోవాలి.

ఖర్చు తగ్గించే దారులు

బ్రిటన్ ప్రభుత్వ చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్ ఏడాది పీజీకి ఫీజు, ఖర్చులన్నీ భరిస్తుంది. డిగ్రీ తర్వాత కనీసం 2,800 గంటలు, అంటే సుమారు రెండేళ్ల పని అనుభవం ఉండాలి. చదువయ్యాక స్వదేశానికి వచ్చి రెండేళ్లు ఉండాలి. ఏటా ఆగస్టులో దరఖాస్తులు మొదలవుతాయి. ఎస్సీ విద్యార్థులకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ, ఎస్టీలకు గిరిజన వ్యవహారాల శాఖ వేర్వేరుగా నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకం నిబంధనలు తరచూ మారుతుంటాయి. జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో తాజా ఉత్తర్వు అడగండి.

ముందు ఇక్కడ రెండేళ్లు

డిగ్రీ అయిన వెంటనే విమానం ఎక్కేయాల్సిన తొందర ఈ రంగంలో లేదు. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీల్లో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ పీజీలున్నాయి. పీఆర్‌కు ఇదే పునాది. అది కాదనుకుంటే పత్రికలోనో, ఆసుపత్రిలోనో, స్వచ్ఛంద సంస్థలోనో రెండేళ్లు పనిచేయండి. రాసిన వార్తలు, నడిపిన ప్రచారాలు, తీసిన వీడియోలు దాచుకోండి. ఈ పని మీకు నచ్చుతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. నచ్చితే చీవ్‌నింగ్‌కు కావాల్సిన అనుభవం చేతికొస్తుంది. వర్సిటీకి పంపే వ్యాసంలో రాయడానికీ సొంత సరుకుంటుంది. నచ్చకపోతే రెండేళ్లే పోతాయి, పొలం మాత్రం మిగులుతుంది.