గేలిక్ కాథలిక్కుల నిర్వాసం (స్కాట్లాండ్)

గేలిక్ కాథలిక్కుల నిర్వాసం అనగా 18, 19 శతాబ్దాలలో స్కాట్లాండు వాయవ్య పర్వతప్రాంతంలోను, పశ్చిమ ద్వీపాలలోను నివసించిన గేలిక్ భాషీయులైన కాథలిక్ రైతులు తమ గ్రామాలను కోల్పోయి, అధికభాగం కెనడాలో స్థిరపడిన చారిత్రక పరిణామం. కొందరిని బలవంతంగా వెళ్ళగొట్టారు. మరికొందరు వెళ్ళక తప్పని స్థితిలో వెళ్ళిపోయారు. హైలాండ్ క్లియరెన్సులు అనే పేరుతో ప్రసిద్ధమైన పెద్ద పరిణామంలో ఇది ఒక భాగం. క్లియరెన్సులలో భూమి కోల్పోయినవారిలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లే. అయినా కాథలిక్కుల చరిత్రకు ఒక ప్రత్యేకత ఉంది. భాష, మతం, భూమి అనే మూడు విషయాలలోనూ చట్టం వీరి పక్షాన లేదు.

నేపథ్యం

1560లో స్కాట్లాండు పార్లమెంటు పోప్ అధికారాన్ని తిరస్కరించింది. ఆ తరువాత కూడా బారా, సౌత్ యుయిస్ట్ వంటి ద్వీపాలలోను, ప్రధాన భూభాగంలోని మాయిడార్ట్, మోరార్, నాయ్‌డార్ట్, స్ట్రాత్‌గ్లాస్ ప్రాంతాలలోను కాథలిక్ మతం నిలిచింది. 17వ శతాబ్దంలో ఐర్లండు నుండి వచ్చిన ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ప్రజలకు అర్థమయ్యే గేలిక్‌లోనే బోధించడం ఇందుకు ఒక కారణం.

ప్రభుత్వం గేలిక్ భాషను వెనుకబాటుతనానికి మూలంగా భావించింది. 1609 నాటి అయోనా శాసనాలు వంశనాయకులు తమ వారసులను ఇంగ్లీషు నేర్చుకొనుటకు దక్షిణాది పాఠశాలలకు పంపాలని నిర్దేశించాయి. 1616లో ప్రివీ కౌన్సిల్ గేలిక్‌ను నిర్మూలించాలని ప్రకటించింది. ఈ విధంగా నాయకుని భాష, ప్రజల భాష క్రమంగా వేరయ్యాయి.

1745లో స్టువర్ట్ రాజవంశపు పునరుద్ధరణ కోసం జరిగిన తిరుగుబాటు 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంతో అణగారిపోయింది. తరువాత వచ్చిన చట్టాలు వంశనాయకుల న్యాయాధికారాన్ని రద్దు చేశాయి. సంప్రదాయ దుస్తులపై విధించిన నిషేధం 1782 వరకు కొనసాగింది.

భూమిపై హక్కు

గేలిక్ సమాజంలో వంశానికి చెందిన భూమిలో తరతరాలుగా నివసించేవారికి అక్కడ ఉండే హక్కు ఉన్నదనే భావన ఉండేది. దీనిని దూఖస్ అంటారు. కాని ఈ హక్కు ఆచారంలో మాత్రమే ఉంది, కాగితం మీద లేదు. చట్టం ప్రకారం భూమి మొత్తం నాయకునిదే. రైతుకు ఉన్నది స్వల్పకాలపు కౌలు మాత్రమే.

పూర్వం నాయకుని బలం అతని వెంట నడిచే మనుషుల సంఖ్యను బట్టి ఉండేది. కలోడెన్ తరువాత సైనికబలానికి విలువ పోయి, శిస్తుకు విలువ వచ్చింది. నాయకులు భూస్వాములయ్యారు. లండన్, ఎడిన్‌బరో నగరాలలోని వారి జీవనవ్యయం, అప్పులు పెరిగాయి. గొర్రెల పెంపకందారులు చెల్లించగల కౌలు చిన్న రైతులు చెల్లించలేరు. అందువలన లోయలు ఖాళీ అయ్యాయి.

తొలి వలసలు

1770 ప్రాంతంలో సౌత్ యుయిస్ట్‌లోని బోయిస్‌డేల్ భూస్వామి కాథలిక్ కౌలుదారులను ప్రొటెస్టెంట్లుగా మారవలసిందిగా ఒత్తిడి చేశాడు. దీనికి ప్రతిగా గ్లెనలాడేల్‌కు చెందిన జాన్ మెక్‌డొనాల్డ్ కాథలిక్ బిషప్పుల సహాయంతో వలసకు ఏర్పాటు చేశాడు. 1772లో సుమారు 210 మంది అలెగ్జాండర్ అనే ఓడలో సెయింట్ జాన్స్ ద్వీపానికి చేరారు. ప్రస్తుతం దీనిని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం అంటారు. కౌలుదారులను కోల్పోతాననే భయంతో బోయిస్‌డేల్ తరువాత తన పట్టు సడలించాడు.

1786లో నాయ్‌డార్ట్ నుండి ఒక మతగురువు వెంట వందలాది మంది కెనడాకు వెళ్ళి, నేటి ఒంటారియోలోని గ్లెన్‌గారీ ప్రాంతంలో స్థిరపడ్డారు. 1801-03 మధ్య స్ట్రాత్‌గ్లాస్ నుండి అనేక కుటుంబాలు నోవా స్కోషియాకు తరలిపోయాయి. 1794లో ఏర్పడిన గ్లెన్‌గారీ ఫెన్సిబుల్స్ అనే కాథలిక్ సైనికదళం రద్దయిన తరువాత, దాని మతగురువు అలెగ్జాండర్ మెక్‌డొనెల్ 1804లో కెనడా చేరి, మాజీ సైనికుల కుటుంబాలు అక్కడ స్థిరపడుటకు తోడ్పడ్డాడు. ఆయన 1826లో కింగ్‌స్టన్ మొదటి బిషప్ అయ్యాడు.

కెల్ప్ పరిశ్రమ, కరవు

ద్వీపాలలో కెల్ప్ అనే సముద్రపు నాచును కాల్చి, గాజు, సబ్బు తయారీకి ఉపయోగపడే క్షారాన్ని తీసేవారు. నెపోలియన్ యుద్ధాల కాలంలో దీనికి మంచి ధర పలికింది. అప్పుడు కూలీలు అవసరం కాబట్టి భూస్వాములు వలసను వ్యతిరేకించారు. ఓడ ప్రయాణాన్ని ఖరీదు చేసిన 1803 నాటి ప్రయాణికుల చట్టాన్ని వారు సమర్థించారు. 1815 తరువాత కెల్ప్ ధర పడిపోయింది. 1846లో బంగాళాదుంప తెగులు వలన కరవు వచ్చింది. దానితో అదే ప్రజలు భూస్వాములకు భారమయ్యారు. ఒకప్పుడు కదలవద్దన్నవారే ఇప్పుడు వెళ్ళిపొమ్మన్నారు.

బారా, సౌత్ యుయిస్ట్ (1851)

బారా నాయకుడు మెక్‌నీల్ దివాలా తీయగా, ఆ ద్వీపం 1840 ప్రాంతంలో కర్నల్ జాన్ గోర్డన్ చేతికి వచ్చింది. సౌత్ యుయిస్ట్ కూడా ఆయనదే. 1851లో ఈ ఎస్టేట్ల నుండి 1,600 మందికి పైగా ప్రజలను ఓడలలో క్విబెక్‌కు పంపారు. లాక్‌బోయిస్‌డేల్‌లో సమావేశమని పిలిచి, పారిపోయినవారిని వెంటాడి పట్టి ఓడ ఎక్కించారని సమకాలీన కథనాలు చెబుతున్నాయి. వారు చేతిలో డబ్బు, ఒంటిమీద సరైన దుస్తులు లేకుండా దిగారని కెనడాలోని అధికారులు ఫిర్యాదు చేశారు.

నాయ్‌డార్ట్ (1853)

నాయ్‌డార్ట్ చివరి దశలో మెక్‌డొనెల్ వంశానికే చెందిన జోసెఫీన్ మెక్‌డొనెల్ నిర్వహణలో ఉంది. 1853లో సుమారు 330 మందిని సిల్లరీ అనే ఓడలో కెనడాకు పంపి, వారి ఇళ్ళను కూల్చివేశారు. వెళ్ళడానికి నిరాకరించిన కొన్ని కుటుంబాలు శిథిలాల మధ్య పాకలు వేసుకొని నివసించాయి. ఆ పాకలను కూడా పలుమార్లు పడగొట్టారు.

పునరావాసం

కొత్త దేశంలో అందరికీ భూమి సులభంగా దక్కలేదు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో వలసదారులు మళ్ళీ కౌలుదారులుగానే మిగిలారు. ఆ సమస్య పరిష్కారానికి 1875లో భూముల కొనుగోలు చట్టం వచ్చింది. తూర్పు తీరంలో వలసదారులు స్థిరపడిన భూములు మిక్‌మా అనే ఆదివాసులవి. భూమి కోల్పోయినవారి రాక మరొకరు భూమి కోల్పోవడానికి దారితీసింది.

కేప్ బ్రెటన్, యాంటిగోనిష్ ప్రాంతాలలో గేలిక్ అనేక తరాలు ఇంటిభాషగా నిలిచింది. సిడ్నీ పట్టణం నుండి మాక్‌టాల్లా అనే గేలిక్ పత్రిక 1892 నుండి 1904 వరకు వెలువడింది. స్కాట్లాండులో మాత్రం 1872 విద్యాచట్టం గేలిక్‌కు పాఠశాలల్లో స్థానం కల్పించలేదు.

కారణాలపై చర్చ

ఇది మతహింస అని కొందరు, కేవలం ఆర్థిక పరిణామమని కొందరు వాదించారు. జాన్ ప్రెబుల్ 1963లో రాసిన గ్రంథం ప్రజల బాధను ప్రధానంగా చిత్రించింది. టి.ఎం. డివైన్ 2018లో ప్రచురించిన గ్రంథం ఇటువంటి పరిణామాలు దక్షిణ స్కాట్లాండులోనూ జరిగాయని వివరించింది. బోయిస్‌డేల్ ఉదంతంలో మతం ప్రత్యక్ష కారణం. మిగిలిన అనేక సందర్భాలలో వెళ్ళగొట్టినవారు పరాయివారు కారు, ప్రజలు తమవారని నమ్మిన నాయకుల వారసులే. జనం ఉండాలా, పోవాలా అన్నది చివరకు శిస్తు లెక్కలే నిర్ణయించాయి.

తదనంతర పరిణామాలు

1882లో స్కై ద్వీపంలో రైతులు పోలీసులను ఎదిరించారు. 1883లో నేపియర్ కమిషన్ గ్రామగ్రామాన సాక్ష్యాలు సేకరించింది. 1886 నాటి చట్టం క్రాఫ్టర్లకు, అనగా చిన్న కమతాల రైతులకు, స్థిరమైన కౌలు హక్కునిచ్చింది. అప్పటికే భూమి కోల్పోయినవారికి మాత్రం ఆ భూమి తిరిగి రాలేదు. బారా, మింగులే ద్వీపాల కాథలిక్కులు వాటర్సే ద్వీపాన్ని ఆక్రమించి 1908లో జైలుకు వెళ్ళారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ ద్వీపాన్ని కొని పంచింది.

1999లో నాయ్‌డార్ట్ ఎస్టేటు, 2006లో సౌత్ యుయిస్ట్ ఎస్టేటు స్థానిక ప్రజల సంస్థల యాజమాన్యంలోకి వచ్చాయి. 2005లో గేలిక్ భాషా చట్టం వచ్చింది. ఒకప్పుడు ఆచారంగా మాత్రమే ఉన్న హక్కు ఈ ప్రాంతాలలో ఇప్పుడు దస్తావేజుకెక్కింది. అయితే దానిని అనుభవించవలసినవారి సంతతిలో అధికభాగం అట్లాంటిక్ ఆవలి తీరంలో ఉంది.