పందికొక్కు, పెంకుపురుగు, మన ప్రేగు

కోతల కాలంలో గుడివాడ నుండి దివిసీమ వరకు ఏ పొలం గట్టు చూచినా పందికొక్కుల కలుగులు కనిపిస్తాయి. వరి వెన్నులను లోనికి లాగుకొనిపోయే ఈ జంతువు వలన రైతుకు కలిగే నష్టం తెలిసినదే. ఎలుకల, పందికొక్కుల ప్రేగులలో నివసించే హైమినోలెపిస్ డిమిన్యూటా అను బద్దెపురుగు సంగతి మాత్రం తెలిసినవారు తక్కువ.

ఇది మనిషికి నేరుగా అంటదు. దీని గుడ్లు ఎలుక పెంటికలతో బయటపడతాయి. గాదెలోనో పిండిడబ్బాలోనో ఉండే పెంకుపురుగు వాటిని తింటుంది. ఆ కీటకం దేహంలోనే గుడ్డు డింభకంగా మారుతుంది. ఆ కీటకాన్ని తెలియక మ్రింగినవారి, ముఖ్యంగా పిల్లల, చిన్నప్రేగులో అది 20 నుండి 60 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఉడికిన అన్నంతో భయం లేదు. జల్లించని నిలవపిండితో చేసిన పచ్చి చలిమిడి, బందరు బజారులో కొని నెలల తరబడి దాచగా పురుగుపట్టిన ఎండుఖర్జూరం, ఇటువంటివే దానికి దారులు. నాగులచవితి అయినా రంజాను అయినా పురుగుకు భేదం లేదు! పుట్టకు చలిమిడి పెట్టిన చేతులే, పందికొక్కులను తినే పామును పొలంలో కొట్టి చంపుతాయి.

2015 నుండి బడులలో పంచుతున్న ఆల్బెండజోల్ మాత్ర ఏలికపాములు, కొంకిపురుగుల వంటి వాటికి ఉద్దేశించినది. ఆ ఒక్క మోతాదుతో ఈ బద్దెపురుగు పోతుందని నమ్మరాదు. మాత్ర వేసినా బిడ్డకు కడుపునొప్పి తగ్గకుంటే మలపరీక్ష చేయించవలెను. గుడ్లు కనిపించినచో వైద్యులు ప్రాజిక్వాంటెల్ ఇస్తారు. దీని దగ్గరి చుట్టమైన మరుగుజ్జు బద్దెపురుగు మనిషి నుండి మనిషికి నేరుగా సోకగలదు. కనుక ఆ గుడ్లు ఏ పురుగువో సూక్ష్మదర్శినిలో తేల్చుకొనుట అవసరం.