పాట వచ్చింది, గుర్తులేవీ?

డీజే ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పాటల వరుస సిద్ధం చేసుకుంటాడు. క్లబ్బులో మాత్రం చాలాసార్లు సీడీజే లాంటి ప్లేయర్లే ఉంటాయి. పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుని వెళ్తే చాలదా?

చాలదు. పల్లవి మొదలయ్యే చోటు లాంటి వాటి దగ్గర పెట్టుకున్న గుర్తును క్యూ పాయింట్ అంటారు. ఇంట్లో కంప్యూటర్‌లో వాడే రికార్డ్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ దాన్ని పాట ఫైల్‌లో కాకుండా తన డేటాబేస్‌లో విడిగా రాసుకుంటుంది. దరువు ఎక్కడెక్కడ పడుతుందో చూపే బీట్‌గ్రిడ్ కూడా అంతే. ఉత్త కాపీ చేస్తే పాట మోగుతుంది, గుర్తులు ఇంట్లోనే ఉండిపోతాయి.

అందుకే రికార్డ్‌బాక్స్‌లోంచే ‘ఎక్స్‌పోర్ట్’ చేయాలి. అప్పుడు డ్రైవ్‌లో రెండు ఫోల్డర్లు కనిపిస్తాయి. ‘కంటెంట్స్’లో పాటలు, ‘పయనీర్’లో వాటి వివరాలు. ఈ రెండోది ఏదో చెత్త అనుకుని తీసేశారో, ప్లేలిస్టులు మాయం!

ఫార్మాట్ ఇంకో చిక్కు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను సీడీజేలు చదవవు. పాతవాటికీ కొత్తవాటికీ పనికొచ్చేది ఫ్యాట్32.

ఇక డ్రైవ్‌ను ‘ఇజెక్ట్’ నొక్కకుండా లాగేయకండి. డేటాబేస్ సగం రాస్తుండగా తెగితే ప్లేలిస్టు తెరుచుకోకపోవచ్చు.